మీకు తెలుసా? బక్కపలచగా ఉన్నా షుగరెందుకు వస్తుంది

2004లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల బొమ్మ పక్కపక్కన అచ్చయింది. ఒకాయన పుణెలో మధుమేహం మీద పనిచేసే చిత్తరంజన్ యాజ్నిక్, రెండో ఆయన లండన్‌లో అదే పనిచేసే జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె అది. ఆ లెక్కన ఇద్దరూ లావు లేనట్టే. కానీ ఒంట్లో కొవ్వెంతుందో ప్రత్యేకమైన ఎక్స్‌రే యంత్రంతో కొలిచి చూస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్నిక్‌కి 21.2 శాతం తేలింది. బీఎంఐ అదే, కొవ్వు మాత్రం రెట్టింపు పైన.

ఆ తేడాకి వాళ్లే కొన్ని కారణాలు చెప్పుకున్నారు. యుడ్కిన్ మారథాన్ పరుగులు తీసే మనిషి. యాజ్నిక్‌కి ఆస్పత్రి లిఫ్టు తలుపు మూసుకునేలోగా అందుకోవడమే పెద్ద పరుగు. పైగా ఆయన పుట్టినప్పుడే తక్కువ బరువు. ఇక జన్యువుల వాటా ఎంతన్నది అప్పటికి తేలలేదని కూడా రాశారు. ఈ ఇరవై ఏళ్లలో ఆ వాటా లెక్క కొంతవరకు తేలింది. అందులో ముఖ్యమైన పని మన హైదరాబాద్‌లోనే జరిగింది.

ఎలమంచిలి, అచ్యుతాపురం, రాంబిల్లి, ఎస్.రాయవరం వైపు ఎవరింటికి వెళ్లినా వినపడే మాట ఒకటుంది. “మనిషి చూస్తే పీలగా ఉన్నాడు, ఆడికి షుగరేంటి?” ఈ ఆశ్చర్యం వల్లే చాలామంది పరీక్ష చేయించుకోరు. లావుగా ఉన్నవాళ్లకి వచ్చే జబ్బు కదా, మనకెందుకు అనుకుంటారు. కాళ్లు తిమ్మిర్లెక్కి, చూపు మసకబారి, గాయం మానక ఆస్పత్రికి పోయినప్పుడు బయటపడుతుంది. ఈ శీర్షికలో ఇవాళ రాసేదంతా ఆ ఒక్క ఆశ్చర్యం పోవాలని.

పల్లెల్లో ఎంతమందికి?

షుగరు పట్నం జబ్బని ఇంకా నమ్మేవాళ్లున్నారు. గోదావరి జిల్లాల్లో 20 ఊళ్లు తిరిగి, 30 ఏళ్లు దాటిన 4,535 మందిని పరీక్షించిన అధ్యయనం 2006లో అచ్చయింది. నూటికి 13 మందికి మధుమేహం ఉంది. అది దాదాపు ఇరవై ఏళ్ల కిందటి మాట, అదీ పల్లెల్లో. దేశం మొత్తం మీద ఐసీఎంఆర్ చేయించిన పెద్ద సర్వే 2023లో వచ్చింది. పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగరు, ఇంకో 15.3 శాతం మంది అంచున ఉన్నారు. సాధారణ స్థూలకాయం 28.6 శాతం మందిలో ఉంటే, పొట్ట దగ్గర లావు 39.5 శాతం మందిలో కనపడింది. అంటే ఒళ్లు లావెక్కకుండానే పొట్ట పెరిగినవాళ్లు మనలో కోట్లమంది ఉన్నారు.

ఇంకో అంకె చూడండి. ఇంగ్లండులో దాదాపు 14.7 లక్షల మంది వైద్య రికార్డులు పరిశీలించి 2021లో ఒక లెక్క వేశారు. అక్కడి తెల్లవాళ్లకు బీఎంఐ 30 దగ్గర ఎంత షుగరు ముప్పు ఉందో, భారత ఉపఖండం వాళ్లకు 23.9 దగ్గరే అంత ముప్పు ఉంది. అయిదున్నర అడుగుల మనిషికి బీఎంఐ 30 అంటే 84 కిలోలు. 23.9 అంటే 67 కిలోలు. ఆ మనిషిని మన వీధిలో ఎవరూ లావాటివాడనరు. అమెరికా మధుమేహ సంఘం 2015లోనే ఆసియా మూలాల వాళ్లకి బీఎంఐ 23, ఆపైన ఉంటే షుగరు పరీక్ష చేయాలని నియమం మార్చింది. న్యూజెర్సీలో, డాలస్‌లో ఉన్న మన పిల్లలు అక్కడి డాక్టరుతో ఈ సంగతి మాట్లాడితే మంచిది. అక్కడి పటాల్లో 25 లోపు అంతా ఆకుపచ్చ రంగులోనే కనపడుతుంది మరి.

లావు జన్యువు దొరికిన కథ

2007 ఏప్రిల్‌లో బ్రిటన్ శాస్త్రవేత్తలు షుగరు ఉన్నవాళ్ల డీఎన్ఏని లేనివాళ్ల డీఎన్ఏతో పోల్చి చూస్తున్నారు. 16వ క్రోమోజోము మీద ఎఫ్‌టీఓ అనే జన్యువు దగ్గర ఒక అక్షరం తేడా కనపడింది. షుగరు జన్యువు దొరికిందనుకున్నారు. తీరా బరువు లెక్క తీసేసి మళ్లీ చూస్తే షుగరుతో సంబంధం మాయమైంది. అంటే ఆ జన్యువు ముందు మనిషిని లావు చేస్తోంది, ఆ లావు షుగరు తెస్తోంది. దాదాపు 39 వేల మందిలో సరిచూశారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పక్కల నుంచీ ఆ రకం వచ్చినవాళ్లు, అసలు రానివాళ్ల కంటే సగటున మూడు కిలోలు ఎక్కువ బరువున్నారు. యూరప్ వాళ్లలో నూటికి 16 మంది అలాంటివాళ్లు. సాధారణ జనంలో విరివిగా ఉంటూ బరువు పెంచే జన్యువు తేడా అంత గట్టిగా రుజువు కావడం అదే మొదటిసారి.

హైదరాబాద్ హబ్సిగూడలో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ ఉంది. అక్కడ గిరిరాజ్ చందక్ బృందం, పుణె యాజ్నిక్ బృందంతో కలిసి ఇదే ప్రశ్నను మనవాళ్ల రక్తంలో అడిగింది. జవాబు 2009లో ‘డయాబెటాలజియా’ పత్రికలో వచ్చింది. భారతీయుల్లోనూ ఎఫ్‌టీఓ తేడా షుగరు ముప్పు పెంచుతోంది. కానీ బరువు లెక్క తీసేసినా ఆ ముప్పు పూర్తిగా పోలేదు. యూరప్ వాళ్లలో మాయమైన సంబంధం మనలో నిలిచింది. మనలో ఆ జన్యువు బరువు దారిలోనే కాక ఇంకో దారిలో కూడా షుగరు వైపు నడిపిస్తోందన్నమాట. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఫలితం ఇదే. పడమటి దేశాల లెక్కల్ని తెచ్చి మన ఒంటికి తగిలిస్తే ఎక్కడ తప్పుతామో అది తేటగా చూపించింది.

ఇంకా చిత్రమేమిటంటే, ఎఫ్‌టీఓలో లావు చేసే ఆ రకం యూరప్ వాళ్లలోనే ఎక్కువ, మనలో తక్కువ. షుగరు మాత్రం మనకే ఎక్కువ. కాబట్టి లావు జన్యువుల లెక్క ఒక్కటే చూస్తే మన షుగరు కథ అర్థం కాదు.

కడుపు నిండిందని ఎవరు చెబుతారు?

ఎఫ్‌టీఓ తర్వాత అంత పేరున్న బరువు జన్యువు ఎంసీ4ఆర్. ఇది 18వ క్రోమోజోము మీద ఉంటుంది. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగముంది. తిన్నది చాలు, ఇక లే అనే కబురు అక్కడ అందుకునేది ఈ జన్యువు తయారుచేసే ప్రోటీనే. ఇది బాగా చెడిపోతే పసితనం నుంచే తీరని ఆకలి. అటువంటి కుటుంబాలు అరుదుగా ఉన్నాయని 1998లోనే కనుక్కున్నారు. తిండిపోతని ఊరంతా ఎగతాళి చేసే పిల్లల్లో కొందరికి నిజంగానే కడుపు నిండిన కబురు మెదడుకు చేరడం లేదు. వాళ్లని తిట్టడం అన్యాయం.

దీని తిరగేసిన రూపమూ ఉంది. ఈ ప్రోటీన్ మామూలు కంటే బాగా పనిచేసే రకాలు కొందరికి పుట్టుకతో వస్తాయి. బ్రిటన్‌లో లక్షల మంది డీఎన్ఏ చూసి 2019లో తేల్చిందేమంటే, అలాంటివాళ్లకి బరువు తక్కువ, షుగరు ముప్పు తక్కువ. పళ్లెంలో సగం వదిలేసి లేచిపోయే మనిషిలో నిగ్రహం ఎంతో, పుట్టుక ఎంతో చెప్పలేం.

మనకు దగ్గరి సంగతి 2008లో పశ్చిమ లండన్‌లో బయటపడింది. అక్కడ స్థిరపడిన భారత ఉపఖండం వాళ్ల డీఎన్ఏ మొత్తం గాలిస్తే, ఎంసీ4ఆర్ పక్కనే ఒక మామూలు అక్షర తేడా దొరికింది. రెండు పక్కల నుంచీ అది వచ్చినవాళ్లకి నడుము చుట్టుకొలత సుమారు రెండు సెంటీమీటర్లు ఎక్కువ. దాంతోపాటు, కొలతతో సంబంధం లేకుండా, ఇన్సులిన్ మాట ఒళ్లు వినకపోవడం కూడా ఎక్కువే. యూరప్ వాళ్ల కంటే మనవాళ్లలో ఈ రకం ఎక్కువ మందిలో ఉంది.

ఇన్సులిన్ మాట వినకపోవడమంటే ఇది. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చిన గ్లూకోజును కండలు, కాలేయం లోపలికి తీసుకోవాలి. తీసుకోమని చెప్పేది క్లోమం వదిలే ఇన్సులిన్. కండల్లోనూ కాలేయంలోనూ కొవ్వు పేరుకుంటే ఆ ఆజ్ఞ సరిగా అందదు. క్లోమం ఇంకాస్త ఇన్సులిన్ వదులుతుంది. కొన్నేళ్లు అలా నెట్టుకొస్తుంది. రక్తపరీక్షలో ఆ కొన్నేళ్లూ అంతా బాగున్నట్టే కనపడుతుంది. ఒకరోజు క్లోమం అలసిపోతుంది, అప్పుడు అంకె లేస్తుంది.

కొవ్వు తక్కువైనా షుగరే

ఒంట్లో కొవ్వే దాదాపు లేకుండా పుట్టే పిల్లలున్నారు. చాలా అరుదైన జన్యు వ్యాధి. దీన్ని లైపోడిస్ట్రఫీ అంటారు. బుగ్గల్లో, చేతుల్లో, పిరుదుల్లో ఎక్కడా చర్మం కింద మెత్తదనం ఉండదు. కండలు తీరినట్టు కనపడతారు. బరువే జబ్బు తెస్తే వీళ్లకి షుగరు రాకూడదు. కానీ యుక్తవయసుకే మహా మొండి షుగరు వస్తుంది, కాలేయం కొవ్వుతో నిండిపోతుంది.

దీనికి పూర్తి విరుద్ధమైన ప్రయోగం 2007లో అమెరికాలో ఎలుకల మీద జరిగింది. పుట్టుకతో తీరని ఆకలి ఉండే ఎలుకల్లో అడిపోనెక్టిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేలా జన్యువు మార్చారు. ఆ ఎలుకలు జన్యువు మార్చని తోటి ఎలుకల కంటే ఇంకా విపరీతంగా లావెక్కాయి. రక్తంలో గ్లూకోజు మాత్రం మామూలుగా ఉంది. కొవ్వంతా చర్మం కిందకు చేరింది, కాలేయంలో తగ్గింది.

ఈ రెండూ కలిపి చూస్తే విషయం తేటపడుతుంది. చర్మం కింద, ముఖ్యంగా తుంటి, తొడల దగ్గర ఉన్న కొవ్వు కణాలు గాదె లాంటివి. పంట వచ్చింది వచ్చినట్టు గాదెలో పోస్తే ఇల్లు శుభ్రంగా ఉంటుంది. గాదె చిన్నదైతే, పండింది తక్కువైనా వసారాలో, వంటింట్లో, పడకగదిలో గుట్టలు పోయాల్సిందే. ఒంట్లో ఆ గుట్టలు పడే చోట్లు కాలేయం, కండలు, క్లోమం, పేగుల చుట్టూ ఉన్న ఖాళీ. మనవాళ్లలో చాలామందికి ఈ గాదె పుట్టుకతోనే చిన్నదని పరిశోధకుల అంచనా.

గాదె సైజును జన్యువులు నిర్ణయిస్తాయనడానికి రుజువులున్నాయి. 2011లో ఐఆర్ఎస్1 అనే జన్యువు పక్కన ఒక తేడా దొరికింది. అది ఉన్నవాళ్లకి, మగవాళ్లలో మరీ ముఖ్యంగా, ఒంట్లో కొవ్వు శాతం తక్కువ. సంతోషించాల్సిన సంగతే అనిపిస్తుంది. కానీ వాళ్లకే ఇన్సులిన్ పని సరిగా జరగదు, షుగరు, గుండె జబ్బుల ముప్పు ఎక్కువ. సన్నగా ఉంచే జన్యువే షుగరు తెస్తోంది. 2017లో ఇలాంటి చోట్లు డీఎన్ఏలో 53 ఉన్నాయని ఇంకో పెద్ద అధ్యయనం చూపింది. వాటి ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ల కాళ్లలో కొవ్వు తక్కువ. ఇందుకు ఎదురు రకాలూ ఉన్నాయి. ఒంటి కొవ్వు పెంచుతూనే షుగరు ముప్పు తగ్గించే జన్యు రకాలు కొందరికి వస్తాయి. వీధిలో ఒకావిడ లావుగా ఉండి డెబ్బై ఏళ్లకీ షుగరు లేకుండా తిరగడం, పక్కింటి బక్కాయనకి నలభైకే మాత్రలు పడటం వెనక ఇటువంటి సంగతులు ఉండొచ్చు.

అన్నట్టు, అసలు బరువుతోనే సంబంధం లేని షుగరు జన్యువులు కూడా చాలా ఉన్నాయి. అన్నిటిలోకీ బలమైనది టీసీఎఫ్7ఎల్2. ఐస్‌లాండ్ వాళ్లు 2006లో కనుక్కున్నారు, మనవాళ్లలోనూ అంతే బలంగా పనిచేస్తోందని సీసీఎంబీ బృందం 2007లో చూపించింది. అది క్లోమం ఇన్సులిన్ వదిలే పనిని దెబ్బతీస్తుంది. తూర్పు లండన్‌లోని బంగ్లాదేశ్, పాకిస్తాన్ మూలాల వాళ్ల మీద ఈమధ్యే వచ్చిన ఫలితాలూ అటే చూపిస్తున్నాయి. ఇన్సులిన్ తక్కువ తయారయ్యే జన్యు ముప్పు ఎక్కువున్నవాళ్లకి చిన్న వయసులోనే, తక్కువ బరువుతోనే షుగరు మొదలవుతోంది. చిన్న గాదె, దానికి తోడు తక్కువ ఇన్సులిన్. ఉపఖండం వాళ్ల కథలో ఈ రెండూ కలుస్తాయి.

బెల్లం ఊళ్లకు ఒక మాట

అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పేరున్నది. చెరకు పరిశోధన కేంద్రం అక్కడ 1913 నుంచి ఉంది. ఏటికొప్పాక అనగానే లక్క బొమ్మలతోపాటు చక్కెర ఫ్యాక్టరీ గుర్తొచ్చే ప్రాంతం మనది. అందుకే ఇక్కడ ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది. పంచదార మానేసి బెల్లం వేసుకుంటే షుగరుకి ఏం కాదని. బెల్లంలో కాస్త ఇనుము, ఇతర ఖనిజాలు ఉన్నాయి. కానీ నూటికి 80 పాళ్ల దాకా అదీ చక్కెరే. రక్తంలో గ్లూకోజును లేపడంలో రెంటికీ పెద్ద తేడా లేదు. మన పంట మీద ప్రేమ నాకూ ఉంది. ఆ ప్రేమతో షుగరున్న అమ్మమ్మకి బెల్లం టీ పోయొద్దు. చోడి అంబలి కూడా అంతే. పీచు ఉన్నందువల్ల తెల్లన్నం కన్నా కొంత మెరుగు కావచ్చు గానీ, చోళ్లు మెత్తగా పిండి పట్టించి జావ కాచి రెండు గ్లాసులు తాగితే గ్లూకోజు లేవడం ఖాయం.

తల్లి కడుపులోనే మొదలవుతుంది

యాజ్నిక్ తన గురించి చెప్పుకున్న తక్కువ బరువు సంగతి గుర్తుందా? ఆయన బృందం పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండు పిల్లలతో పోల్చింది. మన పిల్లలు చాలా తక్కువ బరువుతో పుట్టారు. ఎముక తక్కువ, కండ తక్కువ. కానీ చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా పుట్టిన పసిగుడ్డులోనే కొవ్వు వాటా ఎక్కువ. పిల్లలకు ఆరేళ్లు వచ్చాక చూస్తే, గర్భంలో ఉండగా తల్లికి బీ12 విటమిన్ తక్కువై ఫోలేటు ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఇన్సులిన్ పని అందరికన్నా ఎక్కువగా మందగించింది. బీ12 మనకు పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసాల నుంచి వస్తుంది. కూరగాయల్లో ఉండదు. గర్భిణులకి ఫోలిక్ మాత్రలు అందరూ గుర్తు చేస్తారు, అవి మానకూడదు కూడా. బీ12 సంగతి డాక్టరుని అడగడం మాత్రం చాలామందికి తోచదు.

తెలుగు గడ్డ మీద దీనికి జోడీగా నిలిచే అధ్యయనం ఒకటుంది. అదంటే నాకు గొప్ప గౌరవం. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఒక పని చేసింది. అంగన్‌వాడీ పథకం కొన్ని ఊళ్లకు వచ్చింది, కొన్నిటికి ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకి, ఆరేళ్లలోపు పిల్లలకి రోజూ కొంత అదనపు తిండి అందింది. పదిహేనేళ్లు గడిచాక అదే పిల్లల్ని వెతికి పట్టుకున్నారు. అప్పటికి వాళ్లు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లు. తిండి అందిన ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లల కంటే 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు, ఇన్సులిన్ మాట ఒళ్లు వినకపోవడం వాళ్లలో 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసుదనమూ తక్కువే. ఫలితం 2008లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వచ్చింది. పక్కపక్క ఊళ్లు, ఒకే రకం జనం. వాళ్ల జన్యువులు ఊరు మారగానే మారవు కదా. కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ దొరికిన ఆ కాస్త తిండి కౌమారం దాకా ఒంటిలో పనిచేసింది. అంగన్‌వాడీ గుడ్డు, పాలు గర్భిణి నోటికే చేరాలని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబట్టడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

రాసిపెట్టి ఉంటే తప్పదా?

తాతకు ఉంది, నాన్నకు ఉంది, నాకూ రాసే ఉందని చేతులెత్తేసేవాళ్లకి మూడు సంగతులు.

రెండు లక్షల మందికి పైగా డీఎన్ఏ, వాళ్ల ఒంటి కదలిక కలిపి చూసిన ఫలితం 2011లో వచ్చింది. కదలిక ఉన్నవాళ్లలో ఎఫ్‌టీఓ వల్ల వచ్చే స్థూలకాయం ముప్పు దాదాపు 27 శాతం తగ్గింది. జన్యువు అదే, దాని పట్టు మాత్రం సడలింది.

రెండోది టీసీఎఫ్7ఎల్2. రెండు పక్కల నుంచీ ఆ ముప్పు రకం వచ్చిన మనుషుల్ని అమెరికాలో గమనించారు. షుగరు అంచున ఉన్న వీళ్లలో మామూలుగా ఉండిపోయినవాళ్లకి షుగరు ఎక్కువగా వచ్చింది. తిండి, వ్యాయామం మార్చుకున్నవాళ్లలో ఆ జన్యువు ప్రభావం చెప్పుకోదగ్గంత కనపడలేదు. ఇది 2006 నాటి సంగతి.

మూడోది మన పొరుగున చెన్నైలో ఎ.రామచంద్రన్ బృందం చేసింది, అదీ 2006లోనే. షుగరు అంచున ఉన్న 531 మందిని తీసుకున్నారు. వాళ్లలో ఒక గుంపుకి తిండి సరిచేసి, రోజూ నడిపించారు. ఏ మార్పూ లేని గుంపుతో పోలిస్తే షుగరుగా మారేవాళ్లు 28.5 శాతం తగ్గారు. ఇందులో నన్ను పట్టుకుని వదలని విషయం వేరే ఉంది. వాళ్ల బరువు తగ్గలేదు. నెలల తరబడి నడిచి, తూకం మిషన్ ఎక్కి, ముల్లు కదల్లేదని నిరాశతో మానేసేవాళ్లు ఎందరో. ముల్లు కదలకపోయినా కండ గ్లూకోజు పీల్చుకోవడం మెరుగవుతోంది. వరిచేలో, చెరకుతోటలో ఒళ్లు వంచి పనిచేసిన తరం పిల్లలు ఇప్పుడు అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. తాత తిన్నంత అన్నమే మనవడూ తింటున్నాడు, తాత నడిచినంత నడక మాత్రం లేదు. రాత్రి డ్యూటీ షుగరు ముప్పును ఇంకాస్త పెంచుతుందని కూడా అధ్యయనాలు చెబుతున్నాయి.

డీఎన్ఏ పరీక్ష చేయించుకోవాలా?

ఉమ్మి పంపితే షుగరు జాతకం చెబుతామనే కంపెనీలున్నాయి. ఆ డబ్బు ఖర్చు పెట్టమని నేను చెప్పను. జన్యు పరిశోధనలో పాల్గొన్నవాళ్లలో అత్యధికులు యూరప్ మూలాల వాళ్లు. వాళ్ల డీఎన్ఏతో వేసిన లెక్క మన మీద అంత బాగా పారదు. ఎఫ్‌టీఓ విషయంలోనే ఎంత తేడా వచ్చిందో చూశాం. పసితనం నుంచే తీరని ఆకలితో విపరీతంగా లావెక్కే పిల్లలకి, పాతికేళ్లలోపే షుగరు వచ్చి ఇంట్లో మూడు తరాలుగా అలాగే వస్తున్నవాళ్లకి మాత్రం ప్రత్యేక జన్యు పరీక్ష నిజంగా పనికొస్తుంది. మందే మారిపోవచ్చు. వాళ్లు ఎండోక్రైనాలజిస్టును కలవాలి.

మిగతావాళ్లకి అమ్మానాన్నల ఆరోగ్యమే పైసా ఖర్చు లేని జన్యు పరీక్ష. చెన్నైలోని మోహన్ బృందం 2005లో తయారుచేసిన ఒక మార్కుల పట్టీ ఉంది. నాలుగే ప్రశ్నలు. వయసెంత, నడుమెంత, ఒంటికి పనెంత, అమ్మానాన్నల్లో ఎవరికి షుగరుంది. నూటికి మార్కులు. 60, ఆపైన వస్తే ముప్పు ఎక్కువ. గమనించారా, అందులో బరువు అనే ప్రశ్నే లేదు.

నడుము కొలవడంలో అందరూ చేసే పొరపాటు ప్యాంటు సైజు చెప్పడం. బెల్టు పొట్ట కిందికి జారి ఉంటుంది కాబట్టి ఆ అంకె ఎప్పుడూ తక్కువే. కింది పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి బిగించకుండా టేపు చుట్టాలి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు.

ఒక లెక్క వేసి చూద్దాం. 42 ఏళ్ల మనిషి, బరువు 62 కిలోలే, కుర్చీ ఉద్యోగం, వ్యాయామం లేదు, తండ్రికి షుగరు, నడుము 92 సెంటీమీటర్లు. వయసుకి 20, నడుముకి 10, కదలిక లేనందుకు 30, తండ్రి తరఫున 10. మొత్తం 70. ఈ మనిషి మీ ఇంట్లోనే ఉండొచ్చు. రోజూ వ్యాయామం మొదలుపెడితే 60కి దిగుతాడు. నడుము 90 లోపుకి తెచ్చుకుంటే 50. వయసు, తండ్రి అనే రెండు గళ్లు ఆయన చేతిలో లేవు, మిగతా రెండూ ఉన్నాయి.

ఈలోగా రక్తపరీక్ష చేయించుకోవాలి. 30 దాటిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగరు, బీపీ ఉచితంగా చూస్తారు. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త నింపే ఫారంలోనూ నడుము కొలత, అమ్మానాన్నల షుగరు గురించిన గళ్లు ఉన్నాయి. ఆమెకు నిజం చెప్పండి, టేపు చుట్టనివ్వండి. పరగడుపున 126, తిన్నాక కాకుండా గ్లూకోజు నీళ్లు తాగిన రెండు గంటలకి 200, మూడు నెలల సగటు పరీక్షలో 6.5. వీటిలో ఏది తాకినా, దాటినా షుగరు కింద లెక్క. లక్షణాలేవీ లేకపోతే ఇంకోసారి పరీక్షించి ఖాయం చేస్తారు. పరగడుపున 100 నుంచి 125 మధ్య ఉంటే అంచున ఉన్నట్టు. చెన్నైలో ఆ 531 మంది మొదలైంది కూడా ఇలాంటి అంచు నుంచే, వాళ్లకి అది గ్లూకోజు నీళ్ల పరీక్షలో బయటపడింది.